పరదా మీది గుర్రం

మా పెద్దనాయన వాళ్ళ ఇంట్లో, హాల్లో టీవీకి పైన, ఒక పాత ఫోటో ఉండేది. చెక్క ఫ్రేము, మూల పగిలిన గాజు, లోపల ఖాకీ బట్టల్లో నిలబడిన ఇరవై ఏళ్ళ పిల్లవాడు. ఆయన మా ముత్తాత, అంటే మా అవ్వకు నాయన. ఆయన వెనకాల ఒక గుర్రం. ఇంటికి ఎవరొచ్చినా పెద్దనాయన ఆ ఫోటో చూపించి, "మా తాతప్పా. మైసూరు లాన్సర్స్. హైఫాలో గుర్రమెక్కి కొట్టినోడు" అనేవాడు. పెండ్లిండ్లలో ఇదే మాట, గృహప్రవేశాల్లో ఇదే మాట, పిల్లను చూడ్డానికి వచ్చినోళ్ళ ముందు కూడా ఇదే మాట. పుట్టినప్పట్నుంచి వింటూ పెరిగినాం.

మేము అంటే ఈ ఇంట్లో నాలుగో తరం, ముగ్గురం: అక్క, తమ్ముడు, పెద్దనాయన కొడుకు. మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా. అక్కడ తెలుగు మాట్లాడే ఊళ్ళు చాలా ఉన్నాయి, మా ఊరు అందులో ఒకటి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. ముగ్గురం పదో తరగతి దాకా కన్నడ మీడియమే. తెలుగు చదవడం, రాయడం ముప్పై దాటినాక నేర్చుకున్నాం, కాబట్టి ఇందులో తప్పులుంటే సర్దుకోండి. మాలో ఒకరికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎవరు ఎంత గట్టిగా చెప్పినా సరే, మనం చూసినాకే 'పాస్' అని రాయాలి, ఆ పనిలో నేర్పేది అదే. అయినా సొంత ఇంటి గోడ మీద ఉన్నదాన్ని ముప్పై ఏళ్ళు చూడకుండానే పాస్ చేసేసినాం.

ఇదంతా మొదలైంది పోయిన ఏడాది మాళయ అమావాస్య పొద్దు. పోయిన దినం తెలియని పెద్దలకు ఆ పొద్దే కదా పెడతాం. ఎడలు వేసి, అందరి పేర్లూ చెప్పి, దండం పెట్టుకుని లేస్తుంటే అవ్వ గోడకు ఆనుకుని నెమ్మదిగా అన్నది: "మా నాయనకు సొంతంగా ఒక దినం లేకపాయె. ఎనభై ఏండ్లుగా అందరితో కలిపి పెట్టేదే అయిపాయె."

అవ్వ తన నాయనను ఎరగదు. ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, అంటే ఎవరికీ తెలియదని అర్థం. ఏడాది మాత్రం 1941 అని వాళ్ళమ్మ చెప్పేదట. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆయన పల్టన్లో చేరినాడు, తిరిగి రాలేదు. "బర్మాలో పోయినాడు" అనే మాట ఒకటి ఇంట్లో మిగిలింది. పెన్షన్ కాగితం ఒకటి ఉండేదట. ఏదో ఆఫీసులో చూసి ఇస్తామని తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. ఇక మిగిలింది ఆ ఫోటో ఒక్కటే.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని లెక్క వేసినాం. హైఫా యుద్ధం జరిగింది 1918 సెప్టెంబర్ 23న. మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు గుర్రాల మీద పోయి ఆ ఊరు గెలిచినారు. ఢిల్లీలో తీన్ మూర్తి, బెంగళూరు జె.సి.నగర్‌లో ఉన్న లాన్సర్ల స్మారకం ఇంకా దానికి గుర్తులు. 1918లో ఇరవై ఏండ్లుంటే, అవ్వ పుట్టేనాటికి ఆయనకు నలభై మూడు. ఫోటోలో మనిషికి మీసం కూడా సరిగ్గా రాలేదు. అవ్వ మాట నిజమైతే పెద్దనాయన మాట తప్పు. పెద్దనాయన మాట నిజమైతే ఫోటోలో ఉన్నది ఇంకెవరో. రెండూ నిజం కావడానికి దారి లేదు.

మరుసటి ఆదివారం పెద్దనాయన పెన్షనర్ల మీటింగ్‌కు పోయినప్పుడు ఫోటో కిందికి దించినాం. దొంగతనం చేసినట్టే అనిపించింది. పగటి వెలుతురులో చూస్తే మొదట తేలిపోయింది గుర్రమే. గుర్రం కడుపు మీదుగా, పై నుంచి కింది దాకా, గుడ్డ మడత ఒకటి ఉంది. అది నిజం గుర్రం కాదు. స్టూడియో వాళ్ళు వెనక కట్టిన పరదా మీది బొమ్మ. కొంచెం అవతల ఒక రాజభవనం, ఒక కొలను కూడా ఉన్నాయి. డబ్బులిచ్చిన ప్రతి సిపాయికీ ఆ గుర్రమే, ఆ భవనమే.

గుర్రం పోయినాక ముత్తాతను చూసినాం. ఎనభై ఏండ్లుగా అందరమూ గుర్రాన్నే చూసినాం అని అప్పుడు తెలిసింది. ఆయన కాళ్ళకు మోకాళ్ళ పైకి నిక్కరు, కింద మేజోళ్ళు, బూట్లు. గుర్రపు దళం మనిషయితే బిగుతు బ్రీచెస్ ఉండాలి, బూటు మడమకు ముల్లు ఉండాలి, భుజం మీదుగా తూటాల పట్టీ ఉండాలి. ఇక్కడ ఏదీ లేదు. ఫోటో తిరగబడి ముద్రయిందేమోనని చొక్కా గుండీలు కూడా చూసినాం. మగవాళ్ళ చొక్కాలో ఎడమ పక్క గుడ్డ పైకి వస్తుంది. ఇందులో అట్లే ఉంది, ఫోటో సరైన వైపే ఉంది. నెత్తిన టోపీ లేదు, చేతిలో పట్టుకున్నాడు, దాని బ్యాడ్జీ అరచేతి చాటుకు పోయింది. మిగిలింది భుజం పట్టీ మీద చిన్న ఇత్తడి అక్షరాలు.

ఫోన్‌తో తీస్తే మొదటి అక్షరం సున్నా మాదిరి కనిపించింది. డీటీపీ అంగడికి తీసుకుపోయి 1200 డీపీఐలో స్కాన్ చేయించినాం. సున్నాకు కింద చిన్న తోక. అది గీతేమోనని అనుమానం. అసలు ఫోటోను కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేట్టు వంచి చూసినాం. గీత పడితే అక్కడ పైపొర లేచి కాగితం మెరుస్తుంది. తోక దగ్గర పొర నున్నగా ఉంది. అంటే అది అక్షరంలో భాగమే. సున్నా కాదు, క్యూ.

ఆ కాలపు భారత సైన్యంలో 'క్వీన్' పేరు పెట్టుకున్న దళాలు కొన్ని ఉండేవి. కానీ మిగతావి ఉత్తరాది, సరిహద్దు ప్రాంతం, నేపాల్ వైపు మనుషులవి. మన వైపు పిల్లలు చేరింది, బెంగళూరులోనే కేంద్రం ఉన్నది ఒక్కటే: క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. 1780లో పుట్టిన దళం. ఈరోజు అలసూరు చెరువు దగ్గర ఎంఈజీ అని బోర్డు కనిపిస్తుందే, అదే. మాలో ఒకరం ఆరేళ్ళు ఆ గేటు ముందు నుంచే బస్సులో ఆఫీసుకు పోయినాం.

ఇక్కడే అవ్వను అడగాలనిపించింది. "అవ్వా, సాపర్స్ అండ్ మైనర్స్ అనే మాట ఎప్పుడైనా విన్నావా?" అంటే తల అడ్డంగా ఊపింది. కొంచెం సేపటికి తనే అన్నది: "మైనరు అంటే విన్న్యాను. మనింటిని ఊర్లో మైనరోళ్ళ ఇల్లు అనేవాళ్ళు. మా అమ్మను మైనరు పెండ్లాం అని పిలిచేవాళ్ళు."

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పేరు మాకూ తెలుసు. ఫోటోలో దువ్విన క్రాపు చూసి, ముత్తాత సోకుల మైనరని ఊరు పేరు పెట్టిందని అనుకున్నాం. ఆ మాటకు పెద్దనాయన సిగ్గుపడి ఎవరికీ చెప్పేవాడు కాదు. తీరా చూస్తే అది రెజిమెంటు పేరు. 'మైసూరు' అనేది కూడా దాన్నుంచి పుట్టి ఉండొచ్చు. మైనరు, మైసూరు, ఎంత దూరం? ఒక తరంలో నోరు జారితే చాలు.

తర్వాత ఫ్రేము వెనక మేకులు తీసినాం. ఫోటోను ఒక అట్టకు అంటించి ఉన్నారు కానీ, జిగురు ఎండిపోయి అదే ఊడి వచ్చింది. వెనక స్టూడియో ముద్ర, సగం చెరిగింది. దాని కింద పెన్సిల్‌తో తెలుగులో రెండు వరుసలు.

మాకు తెలుగు అప్పుడప్పుడే వస్తున్నది. కన్నడ తెలిస్తే తెలుగు అక్షరాలు సగం తెలిసినట్టే అంటారు. అచ్చులో అయితే అది నిజమే. చేతిరాతలో కాదు. కన్నడ తలకట్టు అడ్డంగా పోతుంది, తెలుగుది టిక్కు పెట్టినట్టుంటుంది. ఆ పెన్సిల్ రాతలో టిక్కులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అక్క ఒక్కో అక్షరం కాగితం మీద పెద్దదిగా దించుకుని, మూడు రాత్రులు కూర్చుని చదివింది. "దండు, బెంగళూరు, 1942. నేను బాగుండాను. పాపకు చూపించు."

దండు అంటే కంటోన్మెంట్. అప్పట్లో అది మైసూరు మహారాజు చేతిలో లేదు, ఇంగ్లీషోళ్ళ కింద ఉండేది. మైసూరు రాజ్యం పిల్లవాడు కోలారు నుంచి వచ్చి ఇంగ్లీషు పల్టన్లో చేరడానికి అదే దారి. ఆయనకు రాయను రాదని అవ్వ చెప్పింది, కాబట్టి పక్క మంచం వాడెవరో రాసిపెట్టి ఉంటాడు. ఆ మాట ఎనభై ఏండ్లకు పైగా మా గోడ మీదే, వెనక్కి తిరిగి, ఉండిపోయింది. అవ్వకు చదువు లేదు. ఆమె కొడుకులు కన్నడ బళ్ళో చదివినారు. మేమూ అంతే. పండగ పండగకూ ఆ ఫ్రేము తుడిచినోళ్ళమే అందరమూ.

అవ్వకు చదివి వినిపించినాం. ఏడుస్తుందేమోనని భయపడినాం. ఆమె ఏడవలేదు. "చూపిచ్చింది కదప్పా" అన్నది. "దీపం పెట్టినాక దినామూ మా అమ్మ నన్ను ఎత్తుకుని దాని ముందర నిలబెట్టేది. ఇంగో మీ నాయన అని చూపిచ్చేది. ఎందుకు దినామూ అని నేను ఇసుక్కునేదాన్ని. ఎవురో చదివి చెప్పుంటారు ఆయమ్మకు."

రెజిమెంటు తెలిస్తే ఏమి లాభం అని మీకు అనిపించొచ్చు. లాభం ఇది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉన్నాయి, ఇంటి నుంచే ఉచితంగా వెతకొచ్చు. కానీ మా ముత్తాత పేరు మా తాలూకాలో వీధికి ఇద్దరికి ఉంటుంది. పైగా ఆ పేరును ఇంగ్లీషు గుమాస్తాలు ఎన్ని రకాలుగా రాసినారో! ఎక్సెల్‌లో తొమ్మిది స్పెల్లింగులు రాసుకుని ఒక్కొక్కటే వెతికినాం. పేరుతో మాత్రమే వెతికితే గుంపులు గుంపులుగా వచ్చినారు. 'మైసూరు' అని కలిపితే ఒక్క మనిషి చాలా దగ్గరగా వచ్చినాడు. మైసూరు సంస్థానపు పదాతి దళం, సింగపూర్ స్మారకం మీద పేరు. పెద్దనాయన మాట పట్టుకుని ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్ళం. ఇంకొకరి తాతకు మా ఇంట్లో తద్దినం పెట్టి ఉండేవాళ్ళం. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మద్రాస్ సాపర్స్ అని పెట్టి, ఏడో స్పెల్లింగుతో వెతికినప్పుడు ఒకే ఒక్క పేరు వచ్చింది. హోదా సాపర్. వయసు ఇరవై నాలుగు. 1944 ఏప్రిల్. కింద ఫలానావారి కొడుకు, ఫలానామె భర్త, ఫలానా ఊరు అని ఒక వరుస. తండ్రి పేరు సరిపోయింది. ఊరి పేరులో రెండు అక్షరాలు తారుమారు, కానీ పక్కన మైసూరు, కోలారు ఉన్నాయి. భార్య పేరు మాత్రం మచ్చు తప్పు లేకుండా ఉంది. మా అవ్వ వాళ్ళమ్మ పేరు, ఎప్పుడూ ముళబాగిలు దాటని మనిషి పేరు, యుద్ధంలో పోయినోళ్ళ పట్టికలో. పేరు చెక్కిన చోటు ఇంఫాల్ దహన స్మారకం.

అది బర్మా కాదు, మణిపూర్. మన దేశమే. 1944 మార్చి నుంచి జూన్ దాకా జపాను సైన్యం ఇంఫాల్‌ను చుట్టుముట్టి కూర్చుంది. కోహిమా రోడ్డు తెగిపోతే, తిండీ మందుగుండూ విమానాల్లోనే రావాలి. అక్కడ భారత సైన్యపు స్మశానవాటికలో, మతాచారం ప్రకారం దహనం చేసిన హిందూ, సిక్కు సిపాయిలకు ఒక స్మారకం కట్టినారు. ఎనిమిది వందలకు పైగా పేర్లు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ గట్టిగా అనలేని ప్రశ్న ఒకటి ఉండేది: ఆయనకు నిప్పైనా పెట్టినారా లేదా అని. పెట్టినారు.

ఇక మిగిలిన పని కష్టమైంది. పెద్దనాయనకు చెప్పాలి. ఆయన ప్రతి సెప్టెంబర్ 23న జె.సి.నగర్ పోయి పూలు పెట్టి వచ్చే మనిషి.

అన్నీ టేబుల్ మీద పరిచి చెప్పినాం. గుర్రం పరదాది అన్నప్పుడు నవ్వినాడు. క్యూ చూపించినప్పుడు అద్దాలు మార్చుకున్నాడు. సాపర్లంటే ఏమి పని చేసేవాళ్ళు అని అడిగినాడు. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, బండలు పేల్చడం, నీళ్ళు తీయడం, శత్రువు పాతిన మందుపాతరలు ఏరడం అని చెప్పినాం. ఆయన మొహం మాడిపోయింది. "అంటే పలుగూ పారా పట్టినోడే కదా" అని లేచి లోపలికి పోయినాడు.

ఆయన బాధ మాకు తెలియనిది కాదు. మా పాతకాలం వాళ్ళు బావులు తవ్వినోళ్ళు, చెరువు కట్టలు వేసినోళ్ళు, బండ కొట్టినోళ్ళు. చదువుకుని సర్కారు ఉద్యోగంలో చేరి బెంగళూరు వచ్చినాక, పెద్దనాయన ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. ఆఫీసులో ఎవరైనా మీ వాళ్ళేం చేసేవాళ్ళు అంటే గుర్రం బయటికి వచ్చేది. ఆ గుర్రం ఆయనను ఎన్ని చోట్ల కాపాడిందో మాకేం తెలుసు. దాన్ని లాగేసినాం.

రెండు వారాలు మాట్లాడలేదు. మేము కొన్ని కాగితాలు తీసి ఆయన టీపాయ్ మీద పెట్టి వచ్చినాం. ముళ్ళకంచెలు పేల్చడానికి ప్రపంచమంతా వాడిన బెంగళూరు టార్పెడోను 1912లో తయారు చేసింది ఈ మద్రాస్ సాపర్స్ దళంలోనే, మెక్‌క్లింటాక్ అనే కెప్టెన్ అని ఒకదాంట్లో. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మిన్యానో దగ్గర, పక్కవాళ్ళను కాపాడడానికి మందుపాతర మీద పడి ప్రాణం ఇచ్చి, జార్జ్ క్రాస్ పొందిన సుబేదార్ సుబ్రహ్మణ్యన్ ఈ దళం మనిషే అని ఇంకోదాంట్లో. చదివినాడో లేదో చెప్పలేదు.

తీర్చింది అవ్వ. ఒక పొద్దు ఫోన్ చేసి పిలిపించి, మా ముందరే అడిగింది. "మా నాయన బండ కొట్టినోడే. మా అమ్మ తట్ట మోసింది. నువ్వు కాలేజీ చదివింది ఆ బండ కొట్టిన దుడ్డుతోనే. దాంట్లో నీకు తక్కువయింది ఏమి?" పెద్దనాయన అరవై నాలుగేళ్ళ మనిషి, తల వంచుకుని చిన్నపిల్లోడి మాదిరి కూర్చున్నాడు. చాలా సేపటికి, "ఏం లేదమ్మా" అన్నాడు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో, పాత పంచాంగం చూపించి తిథి కట్టించి, ముత్తాతకు మొదటిసారి సొంత దినం పెట్టినాం. పెద్దనాయనే పెట్టినాడు. ఇక అమావాస్యకు వేరే పెట్టాల్సిన పని లేదేమో అవ్వా అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆయనతో పోయినోళ్ళలో ఎందరి ఇండ్లల్లో ఇంకా తెలియలేదో. వాళ్ళకు ఎవురు పెడతారు? అదీ పెట్టండి."

మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి ఫోటోలు ఉంటాయి. మేము నేర్చుకున్నది చెబుతాం. ఫోటోను తడిగుడ్డతో తుడవకండి. ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయించండి, వెనక వైపు కూడా. భుజం మీది అక్షరాలు, టోపీ బ్యాడ్జీ, కాళ్ళకు ఏమి వేసుకున్నారు, ఈ మూడూ ముందు చూడండి. పరదాను నమ్మకండి. పతకం ఉంటే దాని అంచు తిప్పి చూడండి, మన సిపాయిల పతకాల అంచున నంబరు, పేరు, దళం చాలాసార్లు చెక్కి ఉంటాయి. ఊర్లో మీ ఇంటికి ఉన్న పాత పేరు ఏమిటో, ఎంత ఎగతాళిగా ఉన్నా, ముసలోళ్ళను అడిగి రాసుకోండి. ఇవన్నీ ముసలోళ్ళు ఉండగానే చేయండి.

ఫోటో ఇప్పుడు కొత్త ఫ్రేములో, అదే టీవీ పైన ఉంది. వెనక రాత కాపీ తీసి పక్కనే పెట్టినాం. వచ్చినోళ్ళు గుర్రం గురించి అడిగితే పెద్దనాయన, "గుర్రం స్టూడియో వాళ్ళది. నిక్కరు మా తాతది" అంటున్నాడు.

డిసెంబర్‌లో ఇంఫాల్ పోవాలని టికెట్లు తీసుకున్నాం, పెద్దనాయనతో కలిసి నలుగురం. అవ్వ రాలేదు, మోకాళ్ళు ఒప్పుకోవు. టికెట్లు చూపించిన పొద్దు ఒక్క మాట అడిగింది: "అక్కడ పేరు ఏ అక్షరాల్లో రాసినారు?" ఇంగ్లీషులో అవ్వా అన్నాం. కొంచెం ఆలోచించింది.

"అట్లయితే మీరు పోయి, తెలుగులో ఒకసారి గట్టిగా పిలిచి రాండి."